రెండు దండాలు

తెలుగులో దండం అంటే కర్ర. దండం అంటే నమస్కారం కూడా. ఈ రెండు అర్థాలూ నాకు ఒకే పూట, ఒకే మనిషి ముందు తెలిసొచ్చాయి. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

మతపాఠాల్లో కంఠతా పట్టిన వాక్యాలు వరసగా అప్పజెప్పాలి. ఐదోదో ఆరోదో, ఒకచోట మాట ముందువెనకలైంది. పాఠం చెప్పే పెద్దాయన చెయ్యి చాపమన్నారు. మూడు దెబ్బలు వేశారు. చెయ్యి వెనక్కి లాక్కోబోయానేమో, మూడోది వేళ్ళ కణుపుల మీద పడింది. అయ్యాక బెత్తాన్ని చంకలో పెట్టుకుని "ఊఁ, దండం పెట్టు" అన్నారు. పెట్టాను. మండుతున్న అరచేతిని రెండో అరచేతికి ఆనించి నిలబడ్డాను. వెనక వరసలో మా నాన్న ఉన్నాడు. నేను అటు చూసేసరికి ఆయన నేలకేసి చూస్తున్నాడు.

అది ఏ మతమో ఇక్కడ రాయను. రాస్తే ఆ మతం వాళ్ళు నొచ్చుకుంటారు, మిగిలినవాళ్ళు "మాలో ఇలా ఉండదు" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. అలా ఊపిరి పీల్చుకోగలిగిన మతం నాకు ఒక్కటీ కనబడలేదు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నేను నమ్మకం వదులుకున్నవాణ్ణి కాను. ఇవాళ్టికీ ప్రార్థన చేస్తాను. ఆ వాక్యాలు ఇప్పటికీ నాకు నోటికొచ్చు, వాటిమీద నాకు ప్రేమ ఉంది. బయట నిలబడి రాళ్ళు విసురుతున్నానని ఎవరూ అనుకోవద్దు.

మా నాన్న కూడా నన్ను కొట్టాడు, ఒకే ఒక్కసారి. కోపంలో, చెంప మీద. ఆ రాత్రి నేను పడుకున్నాక వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏమీ అనలేదు. దుప్పటి సర్ది, చాలాసేపు ఉండి వెళ్ళాడు. అది క్షమాపణ అని ఆ వయసులో కూడా అర్థమైంది. పెద్దాయన ఎప్పుడూ అలా రాలేదు. ఆయన కఠినాత్ముడని కాదు. జ్వరమొస్తే ఇంటికొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. కానీ దెబ్బల విషయంలో ఆయన క్షమాపణ అడగడం అసాధ్యం. ఆయన లెక్కలో నన్ను కొట్టింది ఆయన కాదు కదా. దేవుడు తిద్దుతుంటే తను చెయ్యి అరువిచ్చాడు, అంతే.

నేను చెప్పదలచుకున్నది ఇదే. దేవుడి పేరుతో పడే దెబ్బలోని తప్పు దాని బరువులో లేదు. మెల్లగానా గట్టిగానా, బెత్తంతోనా చేత్తోనా అన్నవి తర్వాతి సంగతులు. మామూలు మనిషి కొడితే పిల్లవాడు ఇంకొకరి దగ్గరికి పరిగెత్తగలడు, అమ్మ దగ్గరికో, అమ్మమ్మ దగ్గరికో, ఎవరూ లేకపోతే దేవుడి దగ్గరికో. దేవుడి తరఫున కొట్టే మనిషి ఆ చివరి తలుపు కూడా మూసేస్తాడు. అప్పుడు పిల్లవాడికి మిగిలేది తప్పంతా తనదేనని ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలును చూసి పెద్దవాళ్ళు "ఎంత వినయమో" అంటారు.

ఈ సంగతి నాకు స్పష్టమైంది అగస్టీన్ ఆత్మకథ చదివినప్పుడు. 354లో ఉత్తర ఆఫ్రికాలో పుట్టి, తర్వాత అక్కడే బిషప్పయి, క్రైస్తవ ఆలోచనను వందల ఏళ్ళు శాసించిన మనిషి. నలభై దాటాక తన చిన్నతనం గురించి రాస్తూ బడి దెబ్బలు గుర్తుచేసుకున్నాడు. దెబ్బలు తప్పించమని దేవుణ్ణి వేడుకునేవాడట. చేసింది పసివాడే గానీ ఆ ప్రార్థన చిన్నది కాదని రాసుకున్నాడు. మొర ఫలించలేదు. ఒంటిమీది వాతలు చూసి పెద్దలు నవ్వారు, తన కీడు ఏనాడూ కోరని తల్లిదండ్రులు కూడా నవ్వారు. ఈ చివరి మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకుండిపోయాను. ఆ బడి పంతులు నేర్పింది చదవడం, రాయడం, లెక్కలు. అతను దేవుడి పేరు ఎత్తలేదు. కాబట్టే ఆ పిల్లవాడికి దేవుడి దగ్గరికి వెళ్ళి ఏడ్చే దారి మిగిలింది. తొమ్మిదేళ్ళప్పుడు నాకు ఆ దారి లేదు. బెత్తం పట్టుకున్నదే దేవుడని చెప్పారు మరి.

అదే అగస్టీన్ పెద్దయ్యాక, 412 ప్రాంతంలో, ఒక ప్రభుత్వాధికారికి ఉత్తరం రాశాడు. తన సంఘపు గురువును చంపినవాళ్ళకు మరణశిక్ష వద్దని, అవయవాలు నరకొద్దని బతిమాలాడు. గొప్ప దయే అది. కానీ ఆ ఉత్తరంలోనే ఒక మెచ్చుకోలు ఉంది. నేరం ఒప్పించడానికి చిత్రహింసల యంత్రాలు, నిప్పులు వాడకుండా బెత్తాలతో సరిపెట్టావు, మంచిపని చేశావు అంటాడు. పంతుళ్ళు, తల్లిదండ్రులు, తీర్పు చెప్పేటప్పుడు తరచు బిషప్పులు కూడా ఆ బెత్తమే వాడతారు కదా అని గుర్తుచేస్తాడు. బడిలో వాతలు తేలిన పిల్లవాడే ఈ వరస రాశాడు. దెబ్బ తిన్నవాడికి దెబ్బ అంటే ఏమిటో తెలుస్తుందని, తను మళ్ళీ ఆ పని చెయ్యడని మనం అనుకుంటాం. ఎక్కువసార్లు అలా జరగదు. అంత మనసున్నవాడి విషయంలోనే జరగలేదు.

శాస్త్రంలోనే ఉంది కదా అంటారు. ఉంది. దాచిపెట్టాల్సిన పనిలేదు. బెత్తం వాడని తండ్రి కొడుక్కి విరోధి అని బైబిల్లోని సామెతల గ్రంథం అంటుంది. ఏడేళ్ళకు పిల్లలకు నమాజు నేర్పమని, పదేళ్ళకు మానేస్తే కొట్టమని చెప్పే హదీసు, అంటే ప్రవక్త ముహమ్మద్ మాటగా నమోదైనది, ఉంది. తప్పు చేస్తే భార్యను, కొడుకును, దాసుణ్ణి, తమ్ముణ్ణి తాడుతోనో వెదురుబద్దతోనో కొట్టవచ్చని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. వీటిని చదివి "అప్పటి కాలం వేరు" అని దాటేసేవాళ్ళను, వీటినే పట్టుకుని బెత్తం తీసేవాళ్ళను ఇద్దరినీ చూశాను. ఇద్దరూ పక్క పేజీ తిప్పరు.

పక్క పేజీలో ఏముందంటే, భయం ఉంది. కొట్టే చేతిని చూసి ఆ గ్రంథకర్తలు పడిన భయం. మనుస్మృతి ఆ వెంటనే, దెబ్బ వీపు మీదే పడాలి, తల మీద పడకూడదు, మరోలా కొట్టినవాడికి దొంగకు పట్టే పాపం పడుతుంది అంటుంది. అంతకుముందు రెండో అధ్యాయంలో, ప్రాణులకు మేలు బోధించే పని అహింసతోనే చెయ్యాలని ఉంది. గౌతమ ధర్మసూత్రం ఇంకా సూటిగా, శిష్యుణ్ణి కొట్టకుండానే దిద్దాలంటుంది. చేతకాకపోతే సన్నటి తాడో వెదురుబద్దో, ఇంకే దానితో కొట్టినా ఆ గురువును రాజు శిక్షించాలి. "చేతకాకపోతే" అన్న మాట గమనించండి. బెత్తం అక్కడ గురువు అసమర్థతకు గుర్తు. పిల్లవాణ్ణి కొట్టాల్సి వస్తే చెప్పు వారుతో మాత్రమే కొట్టమని యూదుల ధర్మగ్రంథమైన తాల్ముద్‌లో ఒక పంతులుకు చెప్పారు. ప్రవక్త ముహమ్మద్ యుద్ధంలో తప్ప ఎవరినీ, స్త్రీని గానీ సేవకుణ్ణి గానీ, చేత్తో కొట్టలేదని ఆయన భార్య ఆయిషా చెప్పిన మాట కూడా హదీసుల్లోనే ఉంది. బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రికలో సంఘాధ్యక్షుడికి ఉండాల్సిన అర్హతల జాబితా ఉంది కదా, అందులో అతను కొట్టేవాడు కాకూడదన్నది ఒకటి. నాలుగో శతాబ్దంలో కూర్చిన క్రైస్తవ సంఘ నిబంధనలు, అపోస్తలుల నియమాలు, పాపం చేసిన విశ్వాసిని కొట్టిన బిషప్పును పదవినుంచే తీసెయ్యమన్నాయి. ప్రభువు ఇలాంటిది ఎక్కడా నేర్పలేదు, తనను కొట్టినప్పుడు తిరిగి కొట్టలేదు అన్నది అవి చూపిన కారణం. వినయం అని పిలిచే బౌద్ధ భిక్షువుల నియమావళిలో, పెద్ద భిక్షువులు ఆరుగురు కోపంతో పదిహేడుమంది చిన్నవాళ్ళను కొడితే ఆ పిల్లలు ఏడ్చారని, దాంతో కొట్టడమే దోషమన్న నియమం పుట్టిందని ఉంది. ఆ పిల్లల ఏడుపు వినిపించింది కాబట్టి నియమం పుట్టింది. దీనికి ఎదురుగా, 1732లో సుసానా వెస్లీ అనే తల్లి, మెథడిస్టు ఉద్యమ స్థాపకుడైన తన కొడుకు జాన్‌కు రాసిన ఉత్తరం ఉంది. ఏడాది నిండేసరికే పిల్లలకు బెత్తమంటే భయమూ, మెల్లగా ఏడవడమూ నేర్పేదాన్నని అందులో రాసింది. పిల్లల్ని ప్రేమించిన తల్లే ఆమె. ఆ ఇంట్లో ఏడుపు వినిపించేది కాదు.

ఇన్ని గ్రంథాలు తిరగేసిన తర్వాత నాకు బాగా నచ్చింది యూదు పండితులు చేసిన పని. మాట వినని కొడుకును ఊరివాళ్ళంతా రాళ్ళతో కొట్టి చంపాలని బైబిల్లోని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞ. దాన్ని చెరిపెయ్యలేరు, దేవుడి మాట మరి. అందుకని షరతులు పెట్టుకుంటూ పోయారు. తల్లీతండ్రీ ఇద్దరి గొంతూ, రూపూ, ఎత్తూ ఒకేలా ఉంటేనే శిక్ష చెల్లుతుందని వాళ్ళలో ఒకరు తేల్చారు. అలాంటి కొడుకు ఎన్నడూ లేడు, ఎన్నడూ ఉండబోడు, చదివి ఆలోచించి పుణ్యం పొందడానికే ఆ వాక్యం రాసి ఉందన్న అభిప్రాయం తాల్ముద్‌లో నమోదైంది. గ్రంథాన్ని అవమానించకుండానే ఒక పిల్లవాడి ప్రాణం కాపాడవచ్చు. దానికి కావలసింది పాండిత్యం, పిల్లవాడి పక్షాన నిలబడాలన్న కోరిక. ఆ కోరిక లేనివాడికి ఎంత పాండిత్యమున్నా బెత్తమున్న వాక్యమే కళ్ళకు తగులుతుంది. శాస్త్రం కొట్టమంది అనే మనిషి నిజానికి శాస్త్రంలోంచి ఏరుకుంటున్నాడు. ఏరుకున్నందుకు తప్పుపట్టను, అందరం ఏరుకుంటాం. ఏరుకున్నది తనేనని ఒప్పుకోకపోవడం దగ్గరే నా పేచీ.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మా పెద్దాయన తరచు అనేవారు. దెబ్బకు ముందే అనేవారు. ఈ సామెతకు తొమ్మిది వందల ఏళ్ళ కిందటే ఆన్సెల్మ్ అనే క్రైస్తవ సన్యాసి జవాబు చెప్పాడు. ఆ కాలంలో బెనెడిక్ట్ మఠాల్లో చిన్నపిల్లలను పెంచేవారు. బహిష్కరణ అంటే ఏమిటో అర్థంకాని వయసువాళ్ళను ఉపవాసాలతోనో దెబ్బలతోనో దిద్దమని ఆరో శతాబ్దపు మఠ నియమావళిలోనే ఉంది. ఒక మఠాధిపతి ఆన్సెల్మ్ దగ్గరికొచ్చి వాపోయాడు. ఈ పిల్లల్ని రాత్రీపగలూ కొడుతూనే ఉన్నాం, ఇంకా చెడిపోతున్నారు, ఏం చెయ్యాలి? ఆన్సెల్మ్ అడిగాడట, పెద్దయ్యాక ఎలా తయారవుతున్నారని. మందబుద్ధులుగా, పశువుల్లా అన్నాడు ఆయన. అప్పుడు ఆన్సెల్మ్ మొక్క సంగతి ఎత్తాడు. తోటలో మొక్క నాటి, కొమ్మ చాచే వీలు లేకుండా నాలుగు వైపులా బిగించేస్తే కొన్నేళ్ళకు ఎలాంటి చెట్టు వస్తుంది? వంకర్లు తిరిగి, కొమ్మలు ముడులుపడి, పనికిరానిది వస్తుంది. మరి ఆ తప్పు ఎవరిది? శిష్యుడు ఎడ్మర్ రాసిన ఆన్సెల్మ్ జీవితచరిత్రలో ఈ సంభాషణ ఉంది. దాని చివర మఠాధిపతి నేలమీద సాగిలపడి, తను పాపం చేశానని ఒప్పుకుని క్షమించమంటాడు. బెత్తం పట్టిన మనిషి దండం పెట్టాడు. నేను చదివినవాటిలో ఇలాంటి ఘట్టం మరొకటి లేదు.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. దెబ్బలు తినేవాడు పెద్దవాడై, తనే ఒప్పుకుంటే? జపాన్ బౌద్ధుల జెన్ ధ్యానమందిరాల్లో నిద్రమత్తులో జోగేవాళ్ళ భుజం మీద చదునైన కర్రతో కొట్టే ఆచారం ఉంది. జెన్‌లోని సోతో శాఖలో సాధకుడే చేతులు జోడించి అడుగుతాడు. కొట్టినవాడూ తిన్నవాడూ ఒకరికొకరు తలవంచుతారు. ఇందులో నాకు పెద్ద అన్యాయం కనబడదు, అయినా కొన్ని ధ్యానకేంద్రాలు ఆ కర్రను పక్కన పెట్టేశాయి. ఒప్పుకోలు ఒక్కటే ఎందుకు చాలదో అర్థం కావాలంటే ఇంగ్లండులో జాన్ స్మిత్ అనే పేరున్న న్యాయవాది చేసినది తెలియాలి.

అతను చర్చి మతాచార్యుడు కాదు. ప్రసిద్ధ బడుల మగపిల్లలకు క్రైస్తవ శిబిరాలు నడిపిన ట్రస్టుకు అధ్యక్షుడు. 1970ల చివర, 80ల మొదట్లో ఆ శిబిరాలకూ ఆ బడులకూ చెందిన పిల్లల్ని ఆదివారాలు ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, మెల్లగా వాళ్ళ పాపాల మాట ఎత్తేవాడు. పాపానికి విరుగుడు పెరట్లోని షెడ్డులో బెత్తం. ప్రభువు ప్రేమించినవాణ్ణే శిక్షిస్తాడన్న లేఖనం చూపించేవాడు. కుర్రాళ్ళు తమకు తాముగా వెళ్ళేవాళ్ళు. ఒక యువకుడు, మరోసారి దెబ్బలకు వెళ్ళాల్సి ఉండగా, ఆత్మహత్యకు ప్రయత్నించాడు. అప్పుడు 1982లో ఒక మతాచార్యుడు లోపలివాళ్ళ కోసం నివేదిక రాశాడు. ఇద్దరికి మూడేళ్ళలో కలిపి దాదాపు 8,000 దెబ్బలు పడ్డాయని, ఇదంతా చట్టప్రకారం నేరమేనని అందులో స్పష్టంగా ఉంది. చదివినవాళ్ళు పోలీసులకు చెప్పలేదు. స్మిత్ 1984లో జింబాబ్వే వెళ్ళి అక్కడా శిబిరాలు పెట్టి, అక్కడి పిల్లల్నీ కొట్టాడు. 2018లో ఏ శిక్షా పడకుండానే చనిపోయాడు. దీని మీద స్వతంత్ర విచారణ నివేదిక 2024 నవంబరులో వచ్చింది. బాధితులు వందమందికి పైనే అని తేలింది. 2013లోనే విషయం తెలిసినా సరిగా పట్టించుకోనందుకు ఇంగ్లండు చర్చిలో అత్యున్నత గురువైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా చేశాడు.

ఆ కుర్రాళ్ళు ఒప్పుకున్నారా? నోటితో ఒప్పుకున్నారు. వద్దంటే ఏమయ్యేది? స్నేహితులు, శిబిరం, తండ్రిలా చూసే మనిషి, పరలోకం, అన్నీ ఒక్క మాటతో చేజారిపోతాయన్న భయం. ఆ భయం ముందు అవునన్న మాటకు నేను విలువివ్వలేను. మతంలో పెద్దవాళ్ళు ఒప్పుకుని తినే దెబ్బల విషయంలో నేను వేసుకునే ప్రశ్న ఒకటే. రేపు "ఇక వద్దు" అంటే ఎల్లుండి ఇదే గౌరవంతో ఇక్కడ కూర్చోగలడా? జెన్ మందిరంలో చేతులు జోడించకపోతే కర్ర పడదు, అంతటితో సరి. ఆ షెడ్డులో అలా లేదు. పసిపిల్లల దగ్గర ఈ ప్రశ్న వేసే అవసరమే రాదు.

పిల్లల మాట ఎవరడిగారు అసలు? దక్షిణాఫ్రికాలో 196 క్రైస్తవ పాఠశాలల సంస్థ, బడిలో కొట్టడాన్ని నిషేధించడం మా మతస్వేచ్ఛకు భంగం అంటూ రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళింది. 2000లో ఓడింది. ఇంగ్లండులో కొన్ని క్రైస్తవ బడుల వాళ్ళు ఇదే వాదనతో అప్పటి అక్కడి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి 2005లో ఓడారు. రెండు తీర్పుల్లోనూ న్యాయమూర్తులు ఒకే వెలితి ఎత్తిచూపారు. ఇది పిల్లల కేసు, కానీ ఇంతవరకూ పిల్లల తరఫున మాట్లాడటానికి ఎవరూ రాలేదని ఇంగ్లండు తీర్పులో న్యాయమూర్తి బారొనెస్ హేల్ రాసింది. చట్టాలు కూడా మతం గడప దగ్గర ఆగిపోతుంటాయి. భారతదేశపు 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దెబ్బల్ని నిషేధించింది. 2012లో చేసిన సవరణ వేద పాఠశాలలనూ మదరసాలనూ మతబోధే ప్రధానంగా ఉన్న సంస్థలనూ ఆ చట్టం నుంచే తప్పించింది. మిగతా నేరచట్టాలు అక్కడా వర్తిస్తాయి, నిజమే. కానీ తొమ్మిదేళ్ళవాడు నేరచట్టం పట్టుకుని పోలీస్ స్టేషనుకు వెళ్ళడు.

"మేమూ దెబ్బలు తిన్నాం, చెడిపోయామా?" అంటారు మిత్రులు. ఈ మాట ఎప్పుడు విన్నా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఇది దెబ్బలకంటే తమను కొట్టినవాళ్ళ మీది ప్రేమ గురించిన మాట. కొట్టడం తప్పంటే నాన్న చెడ్డవాడనో, గురువు చెడ్డవాడనో అన్నట్టు వినిపిస్తుంది. అలా అననక్కర్లేదు. పెద్దాయన మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది, ఆయన చేసింది తప్పు. రెండూ కలిసే నాలో ఉన్నాయి. ఇక చెడిపోవడం సంగతంటారా, 2016లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలన యాభై ఏళ్ళ అధ్యయనాలను, 1,60,000 మందికి పైగా పిల్లల వివరాలను కలిపి చూసింది. పిరుదుల మీద వేసే మామూలు దెబ్బలకు కూడా మొండితనంతో, దూకుడుతో, మానసిక సమస్యలతో సంబంధం కనబడింది. అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఈ లెక్కలేవీ లేకుండానే 1377లో రాశాడు, కఠినంగా దండించి పెంచిన పిల్లలు అబద్ధానికీ నటనకూ అలవాటుపడతారని. నా సంగతి నేను చెప్పగలను. ఆ రోజు తర్వాత వాక్యాలు తప్పు చదవలేదు. తప్పు చదివిన వేరే పిల్లవాడి మీద బెత్తం లేస్తే, నేను కాదులే అని హాయిగా అనిపించేది. భక్తి నేర్పే చోట నేను నేర్చుకున్న మొదటి భావం అది.

భయం లేకపోతే భక్తి ఎక్కడిదని అడుగుతారు. భయభక్తులు అని మన భాషే కలిపి పలుకుతుంది కదా. దేవుడంటే భయం నాకూ ఉంది, ఆకాశం నిండా చుక్కలు చూసినప్పుడు కలిగే భయం లాంటిది. దాన్ని ఎవరూ బెత్తంతో నేర్పలేదు. బెత్తంతో కలిగింది పెద్దాయన అడుగుల చప్పుడంటే భయం, దాన్నే దేవుడి భయం అనుకున్నాను. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీసుకోవడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. విడదీసుకోలేక దేవుణ్ణే వదిలేసుకున్నవాళ్ళు నా తోటివాళ్ళలో నలుగురున్నారు. నమ్మకాన్ని కాపాడటానికే బెత్తం పట్టామనేవాళ్ళు ఆ నలుగురి లెక్క ఎందులో రాసుకుంటారు?

2006 ఆగస్టులో జపాన్‌లోని క్యోటోలో, అనేక మతాల పెద్దలు కలిసి, పిల్లల మీద శారీరక దండనతో సహా అన్ని రకాల హింసనూ చట్టంతో నిషేధించాలని తమ ప్రభుత్వాలను కోరుతూ ప్రకటన చేశారు. దాన్ని అచ్చువేసి మా సమాజపు పెద్దల సమావేశానికి పట్టుకెళ్ళాను. ఒక తీర్మానం కూడా రాసుకెళ్ళాను. మతబోధ చేసే ఎవరూ ఏ పిల్ల మీదా, పిల్లవాడి మీదా చెయ్యి చేసుకోకూడదు; చేసుకుంటే ఆ రోజే బోధన ఆపాలి; చూసి ఊరుకున్న పెద్దవాళ్ళు కూడా జవాబు చెప్పాలి. మొదటి రెండింటికీ తలలూపారు. మూడోదాని దగ్గర గది నిశ్శబ్దమైపోయింది. అక్కడున్నవాళ్ళలో చాలామంది ఏదో ఒకనాడు వెనక వరసలో కూర్చున్నవాళ్ళే. ఒక పెద్దావిడ మెల్లగా "మేమేం చెయ్యగలిగేవాళ్ళం బాబూ" అంది. నాకు జవాబు తోచలేదు. మా నాన్న బతికుంటే ఆయనా అదే అనేవాడేమో.

తీర్మానం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. మా అమ్మాయికి ఈ ఏడే పాఠాలు మొదలయ్యాయి. ఇప్పటి గురువు చిన్నవాడు, నెమ్మదస్తుడు, చేతిలో బెత్తం ఉండదు. అయినా పాఠం ఉన్న రోజు నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చుంటున్నాను. తను అప్పజెబుతూ మధ్యలో తడబడితే వెనక్కి తిరుగుతుంది. నేను తనకేసే చూస్తుంటాను.